కంటికి కానరాని ధూళి
(షోలాపురమున మన సంఘ సమావేశమునందు చేసిన ప్రసంగ పాఠము)



మా కుటుంబము మూడు తరములుగా షోలాపురమున యంత్రపు నూనెల వర్తకము చేయుచున్నది. ఈ సభలోని కార్ఖానాదారులలో పెక్కుమంది మా ఖాతాదారులు. కావున మా తప్పును మీ యెదుట ఒప్పుకొనియే ప్రసంగము మొదలిడుచున్నాము.

నిరుడు మన సోదరుని యొకని కార్ఖానాలో, తువాళ్ళ బేళ్ళు కట్టు హైడ్రాలిక్ ప్రెస్సునకు క్రొత్త పీపానుండి నూనె నింపించితిమి. గాజుసీసాలో పోసి వెలుతురునకు పట్టి చూచి, "నిర్మలముగా నున్నది" అని మాట యిచ్చితిమి. ఆరు నెలలకే పంపు అరిగిపోయెను. అప్పుడు మిగిలిన నూనెను ప్రయోగశాలకు పంపితిమి.

మన కంటికి ఆనునది సుమారు 40 మైక్రాన్ల రేణువు మాత్రమే. పంపును అరగదీయునవి అంతకంటె చిన్నవి. ప్రయోగశాలలో నూనెను సన్నని గొట్టమున కాంతికిరణమునకు అడ్డముగా పారించెదరు; రేణువు అడ్డుపడినప్పుడెల్ల యంత్రము లెక్కించును. ఐ.ఎస్.ఓ. 4406 అను ప్రమాణము ప్రకారము, మిల్లీలీటరు నూనెలో 4, 6, 14 మైక్రాన్లును అంతకు మించియు ఉన్న రేణువులెన్నియో మూడు సంఖ్యలుగా వ్రాయుదురు. మొదటి సంఖ్య 18 అనగా 1,300కు పైబడి 2,500 వరకు రేణువులు. సంఖ్య ఒకటి పెరిగిన లెక్క ఇంచుమించు రెట్టింపగును. ఆ పంపునకు 18 కావలసియుండగా మా నూనెకు 22 వచ్చెను. అనగా దాదాపు పదునారు రెట్లు!

మూత వదులైన పీపా, మూయక విడిచిన గరాటు, దానిని తుడిచిన నూలు వేస్టు: దోషమంతయు ఇందే యున్నది. కార్ఖానా గాలిలోని ధూళియే నూనెలో చేరెను.

పంపు వెల మేము చెల్లించితిమి. మారు పంపు బజారున దొరికెను. కాని ఆ గాలినే దినమెల్ల పీల్చు మన నేతగాండ్ర ఊపిరితిత్తులకు మారు ఎచట దొరకును? ప్రత్తి ధూళివలన కలుగు బిసినోసిస్ అను వ్యాధియందు, వారపు సెలవు గడచి పనికి పోయిన నాడు రొమ్ము బిగబట్టినట్లుండును. ఇది వడుకు మిల్లులలో ఎక్కువ, నేతశాలలలో తక్కువ. అయినను లేదని ఉపేక్షింపరాదు.

గాలిని కొలుచుటయు సాధ్యమే. ముందుగా తూచిన వడపోత కాగితము గుండా చిన్న పంపుతో గంటల తరబడి గాలిని లాగి, మరల తూచినచో హెచ్చిన బరువే ధూళి. అమెరికా ప్రభుత్వము 1978లో, ఎనిమిది గంటల సగటున, ఘనమీటరు గాలిలో సన్నని ప్రత్తి ధూళి నూలు తయారగుచోట 200, నేతశాలలో 750 మైక్రోగ్రాములు మించరాదని హద్దు విధించెను.

"కొలిచినచో అధికారులు వత్తురు, ఖర్చు పెరుగును" అని కొందరు భయపడుచున్నారు. కొలువనంతమాత్రమున ధూళి పోవునా? నివారణలలో కొన్ని చవుకయే: మగ్గములను గాలి పైపుతో ఊదుట మాని ధూళిని పీల్చు యంత్రముతో తీయుట, పొడిచీపురు మానుట, కిటికీలు తెరచుట. నూనెకు మూతగల డబ్బా, నింపునప్పుడు వడపోత చాలును.

సంఘము పక్షమున ఐదు కార్ఖానాలలో గాలిని కొలిపింపవలెనని మా ప్రతిపాదన. మొదటిది మా సోదరునిదే కావలెను. సంఖ్య ఎట్టిదైనను ఈ సభలోనే చదివెదము. యంత్రమునకు చేయు పరీక్ష మనుష్యునకును చేయుదము.