చిన్న కారు, పెద్ద పరుగు



కార్ల సంగతి మగవాళ్ళదని పక్కకు తప్పుకునే రోజులు పోయాయి. పిల్లల్ని బడి దగ్గర దింపడం, అత్తగారిని ఆస్పత్రికి తీసుకువెళ్ళడం, సెలవుల్లో యాగంటికి వెళ్ళిరావడం ఇవాళ చాలా ఇళ్ళల్లో ఇల్లాలే చూసుకుంటోంది. అందుకని చిన్న కార్లలో గట్టిగా పరుగెత్తే రకాన్ని గురించి, పాతవాటికీ కొత్తవాటికీ నడపడంలో ఉన్న తేడా గురించి నాలుగు మాటలు చెప్పుకుందాం.

వెనక తలుపు పైకి లేచే చిన్న కారు హ్యాచ్‌బ్యాక్. దానికే బలమైన ఇంజను, బిగువైన స్ప్రింగులు పెడితే హాట్ హ్యాచ్‌బ్యాక్. హాట్ అంటే ఇంజను వేడెక్కుతుందని కాదు సుమండీ! చూడ్డానికి సంసారపక్షంగా ఉంటుంది, పరుగులో మాత్రం పందెపు గిత్త. ఈ రకానికి లోకంలో పేరు తెచ్చింది 1976లో వచ్చిన జర్మనీ బండి, ఫోక్స్‌వాగన్ గోల్ఫ్ జీటీఐ. 110 గుర్రాల శక్తి, బరువు సుమారు 800 కిలోలు. అదే పేరుతో 2025లో మన దేశానికి వచ్చిన బండికి 265 గుర్రాల శక్తి; బరువేమో 1400 కిలోలు దాటింది. మన దగ్గర 2001లో ఫియట్ పాలియో 1.6, 2013లో పోలో జీటీ టీఎస్ఐ, 2021లో హ్యుందాయ్ ఐ20 ఎన్ లైన్ ఈ కోవలో వచ్చాయి.

ఇక నడపడం మాటకు వద్దాం. ఆ తొలి గోల్ఫ్‌లో స్టీరింగుకు పవర్ సాయం లేదు. బండి ఆపేచోట తిప్పాలంటే భుజాలు నొప్పి పుట్టవలసిందే. అయితే కదిలాక రోడ్డు మీది ప్రతి గుంతా అరచేతికి తెలుస్తుంది. లారీని దాటాలంటే గేరు తగ్గించి ఇంజనును అరిపించాలి. ఆ అరుపే వేగాన్ని చెబుతుంది. అరవైలో పోతున్నా తొంభైలో ఉన్నట్టుంటుంది. సరదా అంతా అందులోనే ఉంది.

కొత్తదాంట్లో స్టీరింగు ఒంటి చేత్తో తిరుగుతుంది. పొగ బయటికిపోయే జోరుతో తిరిగే టర్బో ఇంజనులోకి గాలిని ఎక్కువగా నెడుతుంది గనుక, తక్కువ తిరుగుడులోనే బండి లాగుతుంది. ఆక్సిలరేటర్ తొక్కాక ఒక్క క్షణం ఆగి, ఆపైన ఒక్కసారిగా ముందుకు దూకుతుంది. ఆ క్షణం అలవాటయ్యేదాకా ముందు బండికి దూరం పాటించండి. చప్పుడు తక్కువ కాబట్టి తొంభైలో ఉన్నా అరవైలా అనిపిస్తుంది. కానీ అరవై తొంభై అయితే, బ్రేకు పట్టాక బండి ఆగే దూరం రెండింతలు దాటుతుంది! చెవిని నమ్మకుండా ముల్లు చూసుకోవాలి.

మన బేతంచెర్ల రోడ్లే తీసుకోండి. నాపబండల లారీలు, ట్రాక్టర్లు, రోడ్డు పక్కన రాతిపొడి, అక్కడక్కడా రాళ్ళముక్కలు. పొడి మీద ఏ టైరుకూ పట్టు ఉండదు. పైగా ఈ కొత్త బండ్లకు పెద్ద చక్రాలు, పలచని టైర్లు. గుంతలో పడితే రిమ్ము వంగుతుంది, రాయి అంచుకు టైరు పక్క కోసుకుంటుంది. కొనేముందు షోరూము దగ్గర నున్నటి రోడ్డు మీద కాదు, ఇంటిల్లిపాదినీ ఎక్కించుకుని మీరు రోజూ తిరిగే రోడ్డు మీద నడిపి చూడండి.

అసలు చెప్పదలచుకున్నది ఇదీ. చాలా ఇళ్ళల్లో కొత్త కారు రాగానే పాతది ఆడవాళ్ళకు వదిలేస్తారు, “ఊళ్ళో తిరగడానికి ఇది చాలదూ” అని. ఆ పాతదాంట్లోనే కదా పిల్లలు ఎక్కేది! గట్టిగా తొక్కినా చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏబీఎస్ బ్రేకు 2019 ఏప్రిల్ నుంచి మన దేశంలో కొత్త కార్లకు తప్పనిసరి అయింది. ముందు సీట్లు రెండింటికీ గాలిసంచులు తప్పనిసరి అయింది 2022 నుంచి. అంతకు ముందువాటిలో ఉంటే ఉండవచ్చు, లేకపోతే లేదు. మీ చేతికిచ్చిన బండిలో అవి ఉన్నాయో లేదో కాగితాలు తీసి చూడండి, మెకానిక్‌ను అడగండి. లేకపోతే కొత్తది ఎవరు నడపాలన్న మాట ఇంట్లో నెమ్మదిగా ఎత్తండి. పాత బండి సరదా తీర్చుకోవాలనుకునేవారు ఆదివారం పొద్దున్నే ఒంటరిగా వెళ్ళి తీర్చుకోవచ్చు, ఎవరూ కాదనరు.

ఏ బండి ఎక్కినా బెల్టు పెట్టుకోవడం మరవకండి, వెనక సీటులో కూడా.

సెలవు.