పేలికల కోటు
(సోలాపురములో మన సంఘం ఉగాది సభయందు చేసిన ప్రసంగము)



సంగీతాన్ని గూర్చి పది నిమిషాలు మాట్లాడమని కార్యవర్గంవారు మమ్ము అడిగినప్పుడు, ఏ త్యాగరాజస్వామిని గూర్చో, ఘంటసాలవారిని గూర్చో చెబుతామని వారనుకొని ఉంటారు. అది చేయగల పెద్దలు ఈ సభలోనే చాలామంది ఉన్నారు. మేము మెట్రిక్ దాకా చదివి, గూడ్సు ఆఫీసులో రసీదులు రాసుకొనే గుమాస్తాలము. రాగాల జోలికి పోతే పట్టుబడిపోతాము. కనుక మాకు బాగా తెలిసిన ఒకే ఒక్క రికార్డును గూర్చి చెప్పదలచినాము. అది తెలుగు రికార్డు కాదు. అమెరికాలో టెనెస్సీ రాష్ట్రపు కొండపల్లెలో పుట్టిన డాలీ పార్టన్ అనే ఆవిడ 1971 అక్టోబరులో వెలువరించినది. దాని పేరును తెలుగులో చెప్పుకొంటే 'రంగురంగుల కోటు'.

మేము ఉద్యోగంలో చేరిన కొత్తలో రైల్వే కాలనీలో ఒక ఆంగ్లో ఇండియను గార్డుగారు ఉండేవారు. అప్పటికే పెన్షను పుచ్చుకొంటున్నారు. ఆయన దగ్గర గ్రామఫోను, ముప్ఫై దాకా రికార్డులు ఉండేవి. వాటిలో జిమ్ రీవ్స్‌వే ఎక్కువ. ఒక ఆదివారం అట్టలు తిరగవేస్తుంటే ఒకదాని మీద అతుకుల కోటు తొడుక్కున్న చిన్నపిల్ల బొమ్మ కనపడ్డది. పాట కోసం కాదు, ఆ బొమ్మ కోసమే అది వేయమన్నాము. ఎందుకో తరువాత చెబుతాము. ఆయన పోయేముందు ఆ రికార్డు మాకే ఇచ్చిపోయారు. చాలా ఏళ్ళు బీరువా పైన ఉండిపోయింది. మొన్న మాఘమాసంలో దుమ్ము దులిపి మళ్ళీ విన్నాము.

ముందు ఆ మనిషిని గూర్చి నాలుగు మాటలు. ఆవిడ 1946 జనవరి 19న పుట్టింది. పన్నెండుమంది సంతానంలో నాలుగవది. పురుడు పోసిన డాక్టరుకు ఇవ్వటానికి డబ్బు లేక తండ్రి ఒక సంచెడు మొక్కజొన్న పిండి ఇచ్చాడట. ఆయనకు చదువు రాదు. పొగాకు పండించేవాడు. ఆ కొండల్లోని జనం తాతముత్తాతల నాడు స్కాట్లండు, ఐర్లండు, ఇంగ్లండు దేశాలనుంచి వలసపోయినవారు. వెంట తెచ్చుకొన్న ఆస్తిలో పాత కథాగేయాలు ఒకటి. వాటికి ఆఫ్రికావారినుంచి వచ్చిన బాంజో కలిసింది. ఇళ్ళు మారినా పాట మారలేదు. వంద మైళ్ళు దాటి వచ్చి కూడా మన ఆడవాళ్ళు బతుకమ్మ పాటలు మరచిపోయారా?

ఇంకొక ముచ్చట, రైల్వేవారికి సంతోషం కలిగించేది. ఈ 'కంట్రీ' పాటలను మొదట రికార్డులకెక్కించి ఊరూరా వినిపించినవారిలో జిమ్మీ రోడ్జర్స్ అనే ఆయన రైళ్ళమీద బ్రేకుమనిగా పనిచేసినవాడు. 1927లో బ్రిస్టల్ అనే ఊళ్ళో ఆయన మొదటి రికార్డింగు జరిగింది. క్షయవ్యాధితో 1933లో పోయాడు. మన శాఖవారు పాడితే ఎవరూ వినరని ఆఫీసులో ఎగతాళి చేసేవారికి ఈ సంగతి చెప్పవచ్చును.

డాలీ పార్టన్ 1964లో హైస్కూలు చదువు పూర్తి చేసింది. ఆనాటి సభలో ఒక్కొక్కరూ లేచి ముందు ఏం చేయదలచుకొన్నదీ చెప్పాలి. నాష్‌విల్ పోయి పెద్ద గాయని అవుతానని ఈ పిల్ల అన్నది. సభంతా నవ్వింది. మర్నాడే బస్సెక్కి నాష్‌విల్ పోయింది. 1967లో పోర్టర్ వ్యాగనర్ అనే పేరుగల గాయకుని బృందంలో చేరింది. 1969లో ఆయన బస్సులో ఊళ్ళు తిరుగుతుండగా ఈ కోటు పాట తోచింది. రాసుకోవటానికి కాగితం లేదు. వ్యాగనరుగారి సూట్లు ఉతికించిన లాండ్రీ చీటీ దొరికితే దాని వెనుక రాసుకొన్నది. జీవితమంతా రసీదులతో గడిపే మాకు ఈ భాగం చాలా ఇష్టం.

పాటలోని కథ చిన్నది. చలికాలం వస్తున్నది, పిల్లకు కోటు లేదు. ఎవరో ఇచ్చిన గుడ్డపేలికలను తల్లి ఒక్కొక్కటే అతికి కోటు కుట్టింది. కుడుతూ బైబిలులోని యోసేపు కథ చెప్పింది. ఆ యోసేపుకు కూడా తండ్రి ఇచ్చిన రంగురంగుల అంగీ ఉండేది. పిల్ల పొంగిపోయి అది తొడుక్కొని బడికి పోయింది. తోటివాళ్ళు నవ్వారు. దానిలో అమ్మ ప్రేమ ఉన్నదని, అది మీ బట్టలన్నిటికన్న గొప్పదని పిల్ల వారికి నచ్చచెప్పబోయింది. వారికి అర్థం కాలేదు. అంతే. అసలు జరిగింది ఇంకా కఠినమని ఆవిడే తరువాత చెప్పింది. పిల్లలు నవ్వటంతో ఆగక, ఆమెను చీకటి గదిలోకి నెట్టి తలుపు వేశారట. పాటలో ఆ గది లేదు. తల్లి వింటుందని వదిలివేసిందేమో అని మా ఊహ.

ఒక్కచోట మాత్రం మేము ఆవిడతో ఏకీభవించము. బీదతనం మనిషి తాను ఎంచుకొంటేనే వస్తుందన్న ధోరణి పాట చివర ఒకటి ఉన్నది. మా నాన్న నడిపిన మగ్గాల షెడ్డు మూతపడ్డప్పుడు మేమెవరమూ దేనినీ ఎంచుకోలేదు. ఈ సభలో అటువంటి ఇళ్ళు ఎన్ని ఉన్నవో మీకే తెలుసును.

రికార్డు మొత్తం పది పాటలు, అరగంట కూడా పట్టదు. ఏడు ఆవిడ కట్టినవి, మూడు వ్యాగనరువి. ఆ మూడూ లేకపోయినా నష్టం లేదని ఇప్పుడు అనిపించింది, గార్డుగారు వింటే కోపగించుకొనేవారు. 'ట్రావెలింగ్ మాన్' అనే పాట మాత్రం మంచి పరిహాసం. ఊరూరా తిరిగి సరుకు అమ్ముకొనేవాణ్ణి ఒక పిల్ల తల్లికి తెలియకుండా ప్రేమిస్తుంది. చివరకు చూస్తే తల్లే వాడితో లేచిపోతుంది! ఒక పక్క పేలికలు కుట్టే తల్లి, అదే రికార్డులో ఇటువంటి తల్లి. ఇద్దరినీ ఒక్క గొంతుతో నమ్మించింది. తెల్లవారుజాము గాలిని గూర్చిన పాట ఒకటి ఉన్నది. రాత్రి డ్యూటీ దిగి వచ్చి వింటే దాని విలువ తెలుస్తుంది.

కోటు పాట ఆ దేశపు కంట్రీ పాటల పట్టికలో నాలుగవ స్థానం దాకా పోయింది. 2011లో వారి కాంగ్రెసు గ్రంథాలయం కలకాలం భద్రపరచవలసిన రికార్డులలో దానిని చేర్చింది. మాకు ఇంతకన్న పెద్దదనిపించే సంగతి వేరొకటి ఉన్నది. చదువురాని తన తండ్రిని తలచుకొని ఆవిడ 1995లో సొంత జిల్లాలోని పసిపిల్లలకు నెలకొక పుస్తకం తపాలాలో ఉచితంగా పంపే ఏర్పాటు చేసింది. అది ఇతర దేశాలకూ పాకి, 2023 నాటికి పంపిన పుస్తకాలు 20 కోట్లు దాటినవి.

ఇక ఆ బొమ్మ ఎందుకు చూశామో చెబుతాము.

మేము అయిదవ తరగతిలో ఉండగా ఒక ఉగాదికి ఇంట్లో కొత్తబట్టలకు డబ్బు లేదు. అమ్మ పగలు బీడీలు చుట్టి, దర్జీ దుకాణం దగ్గర పారవేసే కట్‌పీసులు ఏరి తెచ్చి, రాత్రిళ్ళు కూర్చుని మాకు ఒక చొక్కా కుట్టింది. ఎన్ని రంగులో లెక్కలేదు. పండుగనాడు ఇంట్లో అందరూ బాగున్నదన్నారు. మర్నాడు బడికి వేసుకుపోతే 'గోధడి, గోధడి' అన్నారు. మన బొంతను మరాఠీవారు గోధడి అంటారు, మీకు తెలిసిందే. డాలీ పార్టన్‌లాగా మేము వారికి నచ్చచెప్పలేదు. దారిలోనే చొక్కా విప్పి సంచిలో కుక్కి, బనీనుతో ఇంటికి వచ్చి, "ఇట్లాంటిది మళ్ళీ కుట్టొద్దు" అని అమ్మ మీద అరిచాము. ఆమె ఏమీ అనలేదు. ఆ చొక్కా మళ్ళీ కనపడలేదు. మేమూ అడగలేదు.

మొన్న రికార్డు తిరుగుతుంటే అమ్మ వచ్చి పక్కన కూర్చున్నది. ఏం పాట అని అడిగింది. కథంతా తెలుగులో చెప్పాము. చెబుతుంటే మా గొంతు సరిగా రాలేదు. తప్పు ఒప్పుకొందామని మాట వెతుక్కొంటున్నాము. అమ్మ మాత్రం కోటు సంగతే ఆలోచిస్తున్నది.

"ఆ తల్లి లోపల అస్తరు ఏసిందా?" అన్నది.

పాటలో చెప్పలేదన్నాము.

"ఏసే ఉంటది. లేకుంటే అన్ని కుట్లు పిల్లకు గుచ్చవా? నీ చొక్కాకు నా పెండ్లిచీర కొంగు ఏసిన. నువ్వు సూడలె."

ఆమె ఇప్పుడు ఆడవారి వైపు మూడవ వరుసలో కూర్చుని ఉన్నది. అధ్యక్షులవారు అనుమతిస్తే ఆ పాట వినిపిస్తాము. మూడు నిమిషాలే.