రాలిపోయిన వత్తులు: సామర్లకోట సభలో అధ్యక్షోపన్యాసం



పొద్దున భీమేశ్వరస్వామి దర్శనం చేసుకొనే మీలో చాలామంది ఇక్కడికి వచ్చారు. కింద దండం పెట్టుకొని, మెట్లెక్కి పై అంతస్తులో శిరస్సు చూస్తాం. రెండుచోట్లా ఉన్నది ఒక్క లింగమే. తప్పులు వెతకడానికి కట్టే డీబగ్ బిల్డు, వాడుకరులకు పంపే రిలీజ్ బిల్డు కూడా అంతేనని, ఒక ప్రోగ్రామునే రెండు అంతస్తుల నుంచి చూస్తున్నామని మన పెద్దలు చెబుతూ వచ్చారు. ఇరవయ్యేళ్లుగా నేను కాదంటున్నాను. అధ్యక్షస్థానంలో కూర్చున్నా నా మాట మారదు. అవి రెండు వేరు ప్రోగ్రాములు.

ఈ పట్టుదల నాకు ఒక అచ్చుకూటంలో పుట్టింది. రాజమండ్రిలో పుస్తకాలు వేసే మిత్రుడి కోసం పాత డీటీపీ ఫాంట్ల తెలుగును యూనికోడ్‌లోకి మార్చే ప్రోగ్రాము రాశాను. నా లినక్స్‌లో చక్కగా నడిచింది. ఆయన విండోస్‌లో వత్తులన్నీ రాలిపోయాయి. అమ్మ 'అమ' అయింది, అన్నం 'అనం' అయింది. ప్రూఫులు దిద్దే పెద్దాయన ఎర్రసిరాతో నిండిన కాగితాలు నా ముందు పెట్టి, పల్లెత్తు మాట అనకుండా కూర్చున్నారు. మాలో కొందరు విండోస్‌లో అక్షరాలు కూర్చే యూనిస్క్రైబ్‌ను అనుమానించారు, కొందరు గౌతమి ఫాంటును. నాలుగు రాత్రులు వెతికితే తప్పు నాదేనని తేలింది. వత్తు చేర్చే ఫంక్షన్‌ను, షరతు సరిచూసే అసర్ట్ లోపల పిలిచాను. రిలీజ్‌లో ఎన్‌డీబగ్ మాక్రో పడగానే అసర్ట్‌లన్నీ మాయమవుతాయి, వాటితోపాటే నా వత్తులూ పోయాయి.

మరి లినక్స్‌లో ఎందుకు బతికాయి? బిల్డు సాధనం సీమేక్‌కు బిల్డ్ టైప్ చెప్పడం మరిచాను. మేక్‌ఫైల్, నింజాలతో పనిచేసేటప్పుడు దాన్ని ఖాళీగా వదిలితే ఆప్టిమైజేషన్ ఉండదు, డీబగ్ సమాచారం ఉండదు, ఎన్‌డీబగ్ కూడా పడదు. విజువల్ స్టూడియో, ఎక్స్‌కోడ్‌లు ఆ సెట్టింగును అసలు పట్టించుకోవు, బిల్డ్ చేసేటప్పుడే కాన్ఫిగ్ చెప్పాలి. ఒకే సోర్సు, రెండు యంత్రాలు, రెండు ఆచారాలు! నాలుగు రాత్రులు అక్కడే పోయాయి.

తేడా అసర్ట్‌లతోనే ఆగదు. విజువల్ సీలో డీబగ్ రన్‌టైమ్ కొత్తగా ఇచ్చిన మెమరీని తనకు తెలిసిన గుర్తుతో నింపిపెడుతుంది. రిలీజ్‌లో ఆ కాపలా లేదు. పైగా ఆ డీబగ్ లైబ్రరీలను వాడుకరులకు పంచడానికి లైసెన్సు ఒప్పుకోదు. ఇవి మీకు తెలిసినవే.

ఏ అడ్రసు ఏ ఫంక్షన్‌దో చెప్పే సింబల్స్ రిలీజ్‌లో దండగ అని పోయిన సభలో ఒక పండితుడు సెలవిచ్చారు. ఆయన పేరెత్తను, ఆయన శిష్యులు ముందు వరుసలోనే ఉన్నారు. వారిని ఒక్కటి అడుగుతాను. ఎక్కడో పల్లెలో ప్రోగ్రాము కూలిపోయి నాలుగు అడ్రసులు మాత్రమే మీ చేతికి వస్తే, వాటిని దేనితో చదువుతారు? సీమేక్‌లో రెల్‌విత్‌డెబ్‌ఇన్ఫో ఉన్నది ఇందుకే. ఆప్టిమైజేషనూ ఉంటుంది, సింబల్సూ ఉంటాయి. వాడుకరికి పంపేముందు వాటిని విడదీసి, విండోస్ పీడీబీ, మ్యాక్ డీసిమ్, లినక్స్ డీబగ్ ఫైలు, ఏ బిల్డువి ఆ బిల్డు పేరుతో దాచండి. తర్వాత మళ్లీ బిల్డ్ చేసుకోవచ్చులే అనుకోవద్దు. అడ్రసులు కలవకపోవచ్చు.

కూలిపోవడమంటే, 2018 ఫిబ్రవరిని తలచుకుంటే నాకిప్పటికీ మనసు కలుక్కుమంటుంది. జ, పొల్లు, ఞ, జీరో విడ్త్ నాన్ జాయినర్, దీర్ఘం. ఈ అయిదు సంకేతాల 'జ్ఞా' కనబడితే చాలు, ఐఫోన్లలో యాప్‌లు కూలిపోయాయి. ఆ నెల 19న ఐఓఎస్ 11.2.6తో సరిచేశారు. మన అక్షరం ప్రపంచానికి వేడుకైంది. మనమూ దాన్ని ఒకరికొకరం పంపుకొని ఆనందించాం. అలాంటి వరుసలన్నీ ఒకచోట కూర్చి, ప్రతి వేదిక మీదా రిలీజ్ బిల్డులోనే పరీక్షించే పని ఎవరు తలకెత్తుకున్నారు? నేను చూసిన ప్రాజెక్టుల్లో తెలుగు పరీక్షలు డీబగ్‌తోనే ఆగిపోయాయి. ఆ పనికి పేరు రాదు, బిరుదు రాదు. అందుకే అనాథగా పడి ఉంది.

భోజనాలకు లేచేముందు ఒక్కొక్కరూ ఒక చీటీ రాసివ్వండి. ఏ అక్షరం విరిగింది, ఏ యంత్రంలో, ఏ బిల్డ్ టైప్‌లో. మొదటి చీటీ నేను రాసి ఈ బల్ల మీద పెట్టాను: అమ్మ, విండోస్, రిలీజ్.