నిశానీ వేసే ముందు



ఈ పూట పత్తిచేను గురించి గాని, గులాబీ రంగు పురుగు గురించి గాని చెప్పబోవడం లేదు. పంట అమ్మగా వచ్చిన పైసలు బ్యాంకు ఖాతాలోంచి మాయమవుతున్న సంగతి చెప్పదలచుకున్నాను. ఇది వ్యవసాయ శాఖ పని కాదు గదా అని మీరు అనవచ్చు. పోయిన ఏడు పత్తి ఏరే రోజుల దాకా నేనూ అట్లాగే అనుకున్నాను.

మా క్లస్టర్ రైతుల కొరకు నేనొక వాట్సాప్ గ్రూపు నడుపుతున్నాను. విత్తనం, ఎరువు, వాన కబురు అందులో పెడతాను. ఒకనాడు పొద్దున్నే అందులోకి ఒక ఫైలు వచ్చింది. దాని పేరు పీఎం కిసాన్. పేరు చివర చుక్క పెట్టి ఏపీకే అని మూడు ఇంగ్లీషు అక్షరాలున్నాయి. పంపినది మన రైతు ఫోను నుంచే. తరువాత తెలిసిందేమంటే, అతడు పంపలేదు, అతని ఫోనే పంపింది. ముందు రోజు అతనికి బావమరిది ఫోను నుంచి అట్లాగే వస్తే తెరిచి చూశాడు. నేను ఆ పొద్దంతా చేలల్లో తిరుగుతూ ఫోను చూడలేదు. సాయంత్రం చూసి తీసివేసేసరికి మరి ఇద్దరు తెరిచారు.

వారిలో ఒక కాకాకు, పత్తి ఏరిన కైకిలి వాళ్లకు ఇయ్యవలసిన 18,000 రూపాయలు పోయినవి. "సార్ గ్రూపుల వచ్చింది గదా, సర్కారుదే అనుకున్న" అన్నాడు. ఆ మాట నాకు ఇంకా ముల్లులాగే ఉన్నది. ఆయన నా దగ్గరికి వచ్చింది మూడోనాడు. "నలుగురిల నవ్వులపాలైతనని చెప్పలే సార్" అన్నాడు.

ఆ ఫైలు చేసే పని ఇది. నొక్కగానే ఫోనులో ఒక యాప్ ఎక్కుతుంది. మెసేజీలు చదువుకోనిస్తావా అని అడుగుతుంది. మనం సరే అని నొక్కుతాము. ఇక బ్యాంకు నుంచి వచ్చే ఓటీపీ మనకంటే ముందు దొంగకు చేరుతుంది. అంతేగాక మన ఫోనులోని వారందరికీ మన పేరు మీదనే అదే ఫైలు వెళ్తుంది. అందుకే ఇది తెలియనివాడి నుంచి కాక చుట్టం నుంచి, స్నేహితుని నుంచి వస్తుంది. పీఎం కిసాన్ కింద 2019 నుంచి ఏటా 6,000 రూపాయలు మూడు విడతలుగా నేరుగా ఖాతాలోనే పడుతున్నవి. వాటి కొరకు వాట్సాప్‌లో వచ్చిన ఏ ఫైలూ తెరవనక్కరలేదు. ఏ పథకం పేరుతో వచ్చినా, చివర ఏపీకే ఉన్న యెడల ముట్టవద్దు.

ఇప్పుడు కొంచెం చిక్కైన మాటకు వస్తాను. ఓటీపీ ఎవరికీ చెప్పవద్దని బ్యాంకు వారు అంటారు. కాని 2025 మే నెల నుంచి రైతు రిజిస్ట్రీ చేసినప్పుడు మేమే మిమ్మల్ని ఓటీపీ అడిగాము. అదే ఏడు సీసీఐకి పత్తి అమ్ముకునే కపాస్ కిసాన్ యాప్‌కు కూడా ఓటీపీ కావలసి వచ్చింది. "సర్కారే అడుగుతది, సర్కారే చెప్పొద్దంటది, మేమేం చెయ్యాలె?" అని ఒక అక్క నన్ను నిలదీసింది. ఆమె అడిగినది న్యాయమే. నేనిచ్చిన జవాబు ఇది: మీరు మీ పని మీద వచ్చి, మనిషిని ఎదురుగా చూస్తూ, ఆ మెసేజీ దేని కొరకు వచ్చిందో చదివించుకొని చెప్పవలెను. డబ్బు తీయడానికి అని అందులో ఉంటే ఎదురుగా ఉన్నది నేనైనా చెప్పవద్దు. ఫోనులో అడిగిన వానికి మాత్రం, వాడు నా పేరే చెప్పినా, ఇవ్వవద్దు.

ఓటీపీ అంటే ఈ కాలపు నిశానీ. నిశానీ సంగతి మన ఉట్నూరు ఏజెన్సీలో ఒకరు చెప్పవలసిన పని లేదు. చదువురాని గోండు, కొలాం రైతుల చేత సావుకార్లు కాగితాల మీద బొటనవేలు వేయించుకొని భూములు రాయించుకున్న కథలు ప్రతి గూడెంలో ముసలివారికి ఎరుకే. 1940లో జోడేఘాట్‌లో కుమ్రం భీం ప్రాణమిచ్చింది భూమి కొరకే. అప్పుడు కాగితం మీద వేసిన వేలును ఇప్పుడు అద్దం మీద వేస్తున్నాము. రేషను దుకాణంలో వేలు, యూరియా బస్తాకు వేలు, ఊరిలోని మినీ బ్యాంకులో డబ్బుకు వేలు.

ఆ వేలిముద్రనే దొంగిలించిన సంగతి మనకు దగ్గరలోనే జరిగింది. గోదావరి అవతల, పెద్దపల్లి జిల్లా ధర్మారంలో 2018లో ఒక సిమ్ కార్డుల వ్యాపారి పోలీసులకు దొరికాడు. రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైటులో అందరికీ కనిపించే భూమి దస్తావేజుల నుంచి రైతుల వేలిముద్రలు, ఆధార్ నంబర్లు తీసుకొని, రబ్బరు స్టాంపులు చేసే యంత్రంతో ఆ ముద్రల అచ్చులు పోసి, వారి పేర్ల మీద వేలకొద్దీ సిమ్ కార్డులు తీశాడు. అది సిమ్ కార్డులతో ఆగలేదు. తరువాతి ఏళ్లలో ఇదే ఉపాయంతో ఆధార్ ఖాతాలలోని డబ్బు కాజేసిన ముఠాలు కూడా పట్టుబడినవి. ఇందులో ఓటీపీ రాదు, ఫోనూ మోగదు. చాలాసార్లు పాసుబుక్కు రాయించినప్పుడు గాని తెలియదు.

దీనికి విరుగుడు ఉన్నది. ఆధార్ వెబ్‌సైటులో గాని, ఆధార్ కేంద్రంలో గాని మీ వేలిముద్రకు తాళం వేయవచ్చు. అవసరమైన పూట తాళం తీసి, పని అయిన వెనుక మళ్లీ వేయవచ్చు. అయితే ఆధార్‌కు మీ ఫోను నంబరు జతపడి ఉండవలెను. ఒక ఇబ్బందీ ఉన్నది. తాళం వేసినప్పుడు రేషను మిషను కూడా మీ వేలు పట్టదు. నెలకు నాలుగుసార్లు వేలు వేసే ముసలమ్మకు ఇది కష్టమే. అటువంటివారు కనీసం ఈ జాగ్రత్త తీసుకోవలెను. మినీ బ్యాంకులో "ముద్ర పడలేదు, మళ్లీ పెట్టు" అంటే, మొదటిసారి డబ్బు తీసిందో లేదో చూపించమని అడగండి. ప్రతిసారీ రసీదు తీసుకోండి. నెలకొకసారి పాసుబుక్కు రాయించండి.

పైసలు పోయిన వెంటనే 1930 నంబరుకు ఫోను చేయండి. రాత్రీ పగలూ పలుకుతుంది. ఏ ఖాతా నుంచి, ఎంత, ఎన్ని గంటలకు పోయిందో చెప్పితే వారు బ్యాంకులకు తెలిపి ఆ సొమ్మును మధ్యలో ఆపడానికి చూస్తారు. దొంగలు ఆ డబ్బును ఒక ఖాతా నుంచి ఇంకొక దానికి, అక్కడి నుంచి వేరొక దానికి మళ్లిస్తూ పోతారు. మడికి గండి పడ్డప్పుడు తెల్లవారి చూద్దామని పండుకోము గదా. కాకా మూడోనాడు వచ్చాడు. అప్పటికి ఆ 18,000 ఎక్కడో ఏటీఎంలో తీసివేశారు. ఆపడానికి ఏమీ మిగలలేదు.

ఫైలు తెరిచిన సంగతి ముందే తెలిస్తే, మొదట ఫోనులోని సిమ్ తీసివేసి నెట్ బందు చేయండి. వేరే ఫోను నుంచి బ్యాంకుకు చెప్పి ఖాతా ఆపించండి. సిగ్నల్ కొరకు గుట్ట ఎక్కవలసిన గూడెంలో ఉన్నవారు గుట్ట ఎక్కి అయినా ఆ పని చేయండి. నవ్వేవారు నవ్వనీయండి.

ఇక నా గ్రూపులో ఇప్పుడు నేను తప్ప ఎవరూ ఏమీ పెట్టకుండా బందు చేశాను. నా ఫోనునూ నమ్మవద్దు. ఫైలు ఏదైనా వస్తే తెరవక ముందు నన్ను అడగండి. సంత నాడు రైతు వేదిక దగ్గర ఉంటాను. ఫోను, ఆధార్ కార్డు పట్టుకొని వచ్చినవారికి తాళం వేసే పద్ధతి చూపిస్తాను. ఆ కాకా కూడా వస్తానన్నాడు.