చందా అడిగే తీరు, ఇల్లు నడిచే తీరు

 ఎవరి స్మృతికి ఈ ఉపన్యాసం ఏర్పాటైందో వారి సేవను గురించి, వారిని దగ్గరగా ఎరిగినవారు ఇప్పటికే చెప్పారు. వారు జీవితమంతా పట్టించుకున్న విషయం మీదే నేను మాట్లాడతాను. వికలాంగులైన పెద్దవాళ్లు కలిసి ఉండే ఆశ్రమాలకు డబ్బు ఎలా వస్తుంది, అక్కడ ఉండేవాళ్లకు రోజు ఎలా గడుస్తుంది అన్న ప్రశ్నలను మనం విడివిడిగా చూస్తూ వచ్చాం. మొదటిది కార్యదర్శి చూసుకోవలసిన పని, రెండోది వార్డెను చూసుకోవలసిన పని అనుకున్నాం. నిజానికి రెండూ ఒకటే ప్రశ్న అని నా వాదన. దాత ముందు ఒక మనిషిని ఏ రూపంలో నిలబెట్టి డబ్బు అడుగుతామో, ఆ డబ్బుతో నడిచే ఇంట్లో ఆ మనిషి ఆ రూపంలోనే బతకాల్సి వస్తుంది. తెనాలి, బాపట్ల, రేపల్లెలున్న మన ప్రాంతపు చరిత్రలో ఇందుకు కావలసినంత సాక్ష్యం ఉంది.

మన వైపు ఈ చరిత్రలో పెద్ద అధ్యాయం కుష్ఠు వ్యాధిది. 1882లో ఫ్రెడరిక్ టక్కర్ నాయకత్వాన బొంబాయిలో దిగిన రక్షణ సైన్యం (సాల్వేషన్ ఆర్మీ) అనే క్రైస్తవ సంస్థ క్రమంగా బాపట్లను తన పెద్ద కేంద్రాల్లో ఒకటిగా చేసుకుంది. ఎవాంజలిన్ బూత్ పేరున అక్కడ నడిచిన కుష్ఠు ఆసుపత్రి చుట్టుపక్కల జిల్లాలకు ఆసరా అయింది. ఆ కాలపు చట్టం ఎలా ఉండేదో గుర్తు చేసుకుందాం. 1898 నాటి కుష్ఠురోగుల చట్టం ప్రకారం వీధిలో అడుక్కుంటున్న రోగిని పోలీసులు వారంటు లేకుండానే పట్టుకోవచ్చు, మేజిస్ట్రేటు శరణాలయానికి పంపవచ్చు. ఈ చట్టం 2016 దాకా పుస్తకాల్లోంచి పోలేదు. ఒకవైపు చట్టం రోగిని వీధిలోంచి తొలగిస్తుంటే, మరోవైపు విదేశాల్లో చందాలు పోగవుతుండేవి. వెల్స్‌లీ బెయిలీ దంపతులు 1874లో ఐర్లండులో మిషన్ టు లెపర్స్ ప్రారంభించినప్పుడు మిత్రుల నుంచి ఏటా 30 పౌండ్లు వస్తే చాలనుకున్నారు. రోగుల దుస్థితిని వర్ణించే ఉపన్యాసాలు, కరపత్రాలు వెళ్లినచోటల్లా అంతకు ఎన్నో రెట్లు వచ్చింది. ఆ డబ్బు ప్రాణాలు నిలిపిందన్నది కాదనలేని నిజం. కట్టుకట్టే చేయి, పూటకు తిండి, చనిపోతే పూడ్చే మనిషి, ఇవేవీ లేనివాళ్లకు అవన్నీ దొరికాయి. అయితే ఆ వర్ణనల్లో రోగి ఎప్పుడూ చేయి చాచినవాడే. అలాంటి శరణాలయాల్లో ఆడవాళ్లను, మగవాళ్లను వేరుగా ఉంచేవారు, బిడ్డలను తల్లిదండ్రుల నుంచి వేరుచేసేవారు, గేటు దాటాలంటే అనుమతి అడగాలి. దయ చూపించండని డబ్బు తెచ్చిన ఇంట్లో, దయకు పాత్రులుగా ఉండటమే లోపలివాళ్ల పని అయింది.

అలా అయితే పని కల్పిస్తే సరిపోతుంది కదా అని మీరు అనవచ్చు. ఆ మాట ఎంతవరకు నిజమో చూడటానికి బాపట్లకు కూతవేటు దూరంలోనే స్టువర్టుపురం ఉంది. నేరస్థ జాతుల చట్టం కింద ఎరుకల కుటుంబాలను తెచ్చి స్థిరపరచటానికి 1913లో ఈ సెటిల్‌మెంటు ఏర్పడింది. దాని నిర్వహణను ప్రభుత్వం అదే రక్షణ సైన్యానికి అప్పగించింది. అక్కడి వాళ్లకు పొలం పని ఇచ్చారు, చీరాల పొగాకు కంపెనీలో కూలి చూపించారు. పని ఉంది, కూలి ఉంది, బడి ఉంది. కానీ హాజరు పట్టీ, రాత్రిపూట లెక్క, ఊరు దాటటానికి పాసు కూడా ఉన్నాయి. ఏ పని చెయ్యాలి, వచ్చిన డబ్బు ఏంచెయ్యాలి అన్న మాట వాళ్లది కాదు. ఆ చట్టం 1952లో రద్దయినా ఆ ఊరి పేరు మీద పడిన మచ్చ ఈనాటికీ పూర్తిగా పోలేదు. వికలాంగుల ఆశ్రమానికీ, నేరస్థ ముద్ర వేసిన సెటిల్‌మెంటుకూ పోలిక అన్యాయమని కొందరికి తోచవచ్చు. నేను పోలుస్తున్నది మనుషులను కాదు, పాలనను. ఒక ప్రాంగణంలో ఉండేవాళ్లకు పని మాత్రం ఇచ్చి, ఆ పని మీద మాట లేకుండా చేస్తే, అది క్రమశిక్షణ అవుతుందే గాని జీవనోపాధి కాదు.

1940ల్లో డాప్సోన్ జాతి మందులు వచ్చాక కథ మారింది. 1955లో జాతీయ కుష్ఠు నియంత్రణ కార్యక్రమం మొదలై, రోగిని ఇంట్లోనే ఉంచి మందివ్వటం ప్రధానమైంది. తెనాలి మారిస్‌పేటలో మనమంతా గ్రెట్నాల్టెస్ అని పిలుచుకునే సంస్థ ఈ కొత్త ఆలోచన ఫలం. ఇంటింటి సర్వే, చికిత్స, ఆరోగ్య బోధన దాని పద్ధతి. 1982 తర్వాత బహుళ ఔషధ చికిత్స వచ్చి, జబ్బు నెలల వ్యవధిలో నయమయ్యేదైంది. కానీ జబ్బు నయమైనా వంకరపోయిన వేళ్లు తిరిగి రాలేదు, స్పర్శ పోయిన అరికాలికి స్పర్శ రాలేదు, వదిలేసిన కుటుంబం మళ్లీ పిలవలేదు. బాపట్ల శివార్లలోని బెతనీ కాలనీ వంటి చోట్ల వాళ్లు తమంతట తామే కలిసి స్థిరపడ్డారు. ఇలాంటి కేంద్రాల్లో జరిగే పనిని ఒక్కసారి దగ్గరగా చూడండి. స్పర్శ లేని కాలికి మామూలు చెప్పు పనికిరాదు. మేకు దిగినా తెలియదు, పుండు పడి ఎముకదాకా పోతుంది. అందుకని మెత్తని ఎం.సి.ఆర్. రబ్బరును పాదం కొలతకు కోసి, కింద గట్టి అట్ట వేసి, మేకులు లేకుండా జిగురుతో అతికి, పట్టీ కుట్టి చెప్పులు చేస్తారు. ఆ పని నేర్చినవాళ్లలో అదే జబ్బు పడి లేచినవాళ్లు ఎందరో. సూది పట్టుకునే చేతికే స్పర్శ లేకపోతే పిడికి గుడ్డ చుట్టి మందం చేస్తారు. గాజు గ్లాసుకు బదులు పిడి ఉన్న గ్లాసు వాడతారు. తన తోటివాడి కాలు కాపాడే చెప్పు చేసే మనిషి, ఆ ఇంట్లో అన్నం పెట్టించుకునేవాడు మాత్రమే కాడు. ఆశ్రమాల్లో కార్యక్రమం అన్నమాటకు నేను చెప్పగల కొలత ఇదే: ఆ పని ఎవరికైనా కావాలి, చేసేవాడికి అది తెలియాలి.

ఇప్పుడు డబ్బు సంగతి. మన ఊళ్లలో చందా ఇవ్వటం మిషనరీలతో వచ్చింది కాదు. తెనాలిలో నాటకం ఒక సంస్థకు నిధిగా మారిన సందర్భాలు కొల్లలు. బాపట్లలో పుట్టి తెనాలి రామవిలాస సభ ద్వారా ఆంధ్రదేశానికంతా తెలిసిన స్థానం నరసింహారావు సత్యభామగా వేదికెక్కితే జనం టిక్కెట్టు కొని వచ్చేవారు. సహాయార్థం వేసిన నాటకానికి వచ్చినవాడు కళ చూసి డబ్బిస్తాడు, ఎవరి కడుపు మాడటమూ చూసి కాదు. చర్చీల్లో కోతల పండుగ కూడా ఈ కోవలోదే. రైతు బస్తా ధాన్యం తెస్తాడు, ఇంటావిడ గుమ్మడికాయ తెస్తుంది, ఇంకొకరు కోడిని తెస్తారు. ఆరాధన అయ్యాక వేలం. పాడుకున్నవాడు ఆ కోడిని మళ్లీ వేలానికే తిరిగి ఇస్తాడు. ఒకే కోడి నాలుగుసార్లు అమ్ముడై, చివరికి ఎవరో నవ్వుకుంటూ ఇంటికి పట్టుకెళ్తారు. ఇచ్చేవాడూ పుచ్చుకునేవాడూ ఒకే చాప మీద కూర్చునే పద్ధతి అది. వారం వారం దాచే పిడికెడు బియ్యం కూడా అంతే, బీదవాడూ దాతే. ఈ రెండు సంప్రదాయాలు మన చేతిలో ఉండగా, ఆశ్రమాల కోసం డబ్బు అడిగేటప్పుడు మాత్రం జాలి పుట్టించి అడిగే మూడో దారి పట్టాం.

ఆ మూడో దారికి కారణాలున్నాయి. 1977 నవంబరు 19న వచ్చిన ఉప్పెన దివిసీమను ముంచి, కృష్ణ ఇవతల రేపల్లె తీరాన్నీ కొట్టింది. 1990 మే తుపాను కృష్ణ ముఖద్వారం దగ్గరే తీరం దాటింది. ఉప్పెన తర్వాత విదేశీ సాయం, దాంతో స్వచ్ఛంద సంస్థలు ఈ తీరానికి పెద్దఎత్తున వచ్చాయి. విపత్తు ఫొటోకు వచ్చిన డబ్బు గోడలు కట్టింది, రోజువారీ జీతాలు ఇవ్వలేదు. 2010 నాటి విదేశీ విరాళాల చట్టం, 2020 సవరణ ఆ దారినీ ఇరుకు చేశాయి. దాంతో ఆశ్రమాలు స్థానిక దాతవైపు తిరిగాయి. స్థానిక దాత ఇచ్చేది ఎక్కువగా పుట్టినరోజు భోజనం. మనవడి పుట్టినరోజు, తండ్రిగారి తద్దినం, పెళ్లిరోజు. అన్నదానం మీద మనకున్న భక్తి గొప్పది, దాన్ని తక్కువ చేయను. కానీ ఒకే ఆదివారం రెండు కుటుంబాల బూరెలు వచ్చే ఇంట్లో, మంచం దిగలేని మనిషికి డైపర్లు కొనటానికి, ఫిట్సు మందుకు, రాత్రి కాపలా ఆయా జీతానికి డబ్బుండదు. భోజనానికి ముందు అందరినీ వరుసగా కూర్చోబెట్టి ఫొటో తీస్తారు. నలభై ఏళ్ల మనిషి చేత పుట్టినరోజు పాట పాడిస్తారు, ఎవరి పుట్టినరోజో అతనికి తెలియదు. ఆ నెలంతా ఆ ఇంట్లో జరిగిన కార్యక్రమాలు రాయమంటే అవే రాయాలి. ఇదే నేను మొదట చెప్పిన మాట: డబ్బు వచ్చే తీరు రోజును తనకు కావలసినట్టు మలుచుకుంటుంది.

జాలి పుట్టించకపోతే డబ్బు రాదని నిర్వాహకులు అంటారు. అనుభవం మీద అంటున్న మాట కాబట్టి తేలిగ్గా తీసిపారేయలేం. జాలితో డబ్బు వస్తుంది, వేగంగా వస్తుంది. కానీ దాని ధర లోపలివాళ్లు చెల్లిస్తారు. బ్రిటన్‌లో ఐటీవీ టెలిథాన్ పేరున టీవీలో వికలాంగుల కోసం కోట్ల రూపాయల విలువైన విరాళాలు పోగయ్యేవి. 1992లో లండన్ స్టూడియో ముందు వికలాంగులే నిరసనకు దిగారు. ఆ టెలిథాన్ మళ్లీ జరగలేదు. మన దగ్గరికి వస్తే, బాబా ఆమ్టే వరోరా దగ్గర కుష్ఠురోగుల కోసం స్థాపించిన ఆనందవనం మరో దారి చూపింది. అక్కడి వాళ్లు నేత నేశారు, పొలం చేశారు, తర్వాత వికాస్ ఆమ్టే చొరవతో స్వరానందవన్ పేరున వాద్యబృందం కట్టి ఊరూరా కచేరీలు చేశారు. ప్రేక్షకుడు పాటకు డబ్బిచ్చాడు. తెనాలి టిక్కెట్టు సంప్రదాయానికి ఇది దగ్గరి చుట్టం.

అయితే అందరూ పాడలేరు, నేయలేరు అన్నది ఇంకా గట్టి అభ్యంతరం. మేధోపరమైన వైకల్యం తీవ్రంగా ఉన్నవాళ్లు, మాటే రానివాళ్లు, కదలలేనివాళ్లు ఉన్నారు. పనినే విలువకు కొలతగా పెడితే వాళ్లు మళ్లీ వెనకవరుసకే పోతారు. ఈ అభ్యంతరం సరైనది, నా వాదనను సవరించుకోక తప్పదు. నేను కోరేది ఉత్పత్తి కాదు, నిర్ణయంలో పాలు. మాట రాని మనిషి కూడా వంకాయ కూర పళ్లెం నెట్టేసి పప్పు పళ్లెం దగ్గరికి లాక్కుంటాడు. ఎవరి పక్కన పడుకోవాలో, ఎప్పుడు లేవాలో కంటితో, చేతితో చెబుతాడు. దాన్ని చూసి రాసుకునే సిబ్బంది ఉండాలి. అంటే దాత డబ్బు జీతాలకు పోవాలి. శిలాఫలకం మీద పేరు కోసం గది కట్టించే దాతలున్నారు, ఆయా జీతానికి ఇచ్చే దాతలు అరుదు. 2001 ఆగస్టు 6న తమిళనాడు ఏర్వాడిలోని మానసిక రోగుల ఆశ్రమంలో గొలుసులతో కట్టేసి ఉన్న 28 మంది మంటల్లో కాలిపోయారు. చూసుకునే మనిషి స్థానంలో గొలుసు పెట్టడం ఎక్కడికి దారితీస్తుందో అక్కడ తేలింది.

అసలు ఆశ్రమాలే వద్దు, సమాజంలోనే ఉండాలి అనేవాళ్లున్నారు. భారతదేశం 2007లో ఆమోదించిన ఐక్యరాజ్యసమితి ఒడంబడిక 19వ అధికరణం, 2016 వికలాంగుల హక్కుల చట్టం 5వ సెక్షను వాళ్లవైపే ఉన్నాయి. నేనూ ఆ దిశనే కోరుకుంటాను. కానీ కొడుకును లేవదీసి స్నానం చేయించే డెబ్బై ఏళ్ల తల్లికి, తన తర్వాత ఏమిటన్న ప్రశ్న ఈ రాత్రిదే. 1999 నేషనల్ ట్రస్ట్ చట్టం సంరక్షకుణ్ణి నియమించే దారి చూపింది గాని ఇల్లు కట్టి ఇవ్వలేదు. కాబట్టి పోగుచేసే డబ్బు ఊరి బయట ఇంకో పెద్ద ప్రాంగణానికి కాకుండా, వీధి మధ్యలో అయిదారుగురు ఉండే అద్దె ఇళ్లకు పోవాలి. రేపల్లె నుంచి భట్టిప్రోలు, వేమూరు మీదుగా తెనాలికి రైలుంది. సంత రోజున ఆ రైలెక్కి వెళ్లి తన చొక్కా తానే బేరమాడి కొనుక్కోవటం, వార్షికోత్సవం కన్నా మంచి కార్యక్రమం.

ఇదంతా ప్రభుత్వం చూసుకోవాలి కదా, చందాలెందుకు అనే మాటలో సగం నిజం. 2024 జులై నుంచి మన రాష్ట్రంలో వికలాంగుల పింఛను 3,000 రూపాయల నుంచి 6,000 అయింది, పూర్తిగా మంచానపడినవాళ్లకు 15,000. ఈ మార్పును ఆశ్రమాల నిర్వాహకులు కేవలం ఆదాయంగా చూస్తే పొరపాటు. ఆ డబ్బు ఆశ్రమానిది కాదు, ఆ మనిషిది. అంటే ఇవాళ చాలా ఆశ్రమాల్లో మొదటి దాత లోపల ఉండే మనిషే. దాతకు రసీదు ఇస్తాం, లెక్క చూపిస్తాం, ఏడాదికోసారి పిలిచి శాలువా కప్పుతాం. అదే లెక్క ఇతనికీ చూపించాలి. ఇంగ్లండులోని లె కోర్ట్ అనే చెషైర్ హోంలో ఉండే వికలాంగుడు పాల్ హంట్, ఆయన సహవాసులు 1950లు, 60లలో అడిగింది ఇదే: ఇంటి పాలనలో మాకు మాట ఉండాలని. ఆ పోరాటం నుంచే 1972లో హంట్ పిలుపుతో బ్రిటన్ వికలాంగుల సంఘం పుట్టింది. వాళ్లు అడిగింది ఎక్కువ జాలి కాదు, కమిటీలో కుర్చీ.

అందువల్ల ఈ సభలో ఉన్న నిర్వాహకులకు, దాతలకు నేను పెట్టే ప్రతిపాదన ఇది. తెనాలి, బాపట్ల, రేపల్లెల్లోని ప్రతి ఆశ్రమం నిర్వహణ కమిటీలో అక్కడ ఉండేవాళ్లు కనీసం ఇద్దరు ఓటుతో సహా ఉండాలి. నెలనెలా జమాఖర్చులు చదవలేనివాళ్లకు కూడా అర్థమయ్యేటట్టు, నోట్ల బొమ్మలతో, భోజనశాల గోడ మీద పెట్టాలి. పుట్టినరోజు భోజనానికి ఫోన్ చేసిన దాతకు, ఆ రోజు భోజనం ఇప్పటికే ఉంటే, ఆయా నెల జీతంలో ఒక రోజు భాగం ఇవ్వగలరా అని అడగాలి. ఫొటో తీసే ముందు అక్కడి మనిషిని అడగాలి, వద్దంటే తీయకూడదు. వచ్చే ఏప్రిల్ 1న కొత్త లెక్కల పుస్తకం తెరిచేనాటికి దీన్ని మొదలుపెట్టడం అసాధ్యమేమీ కాదు. ఇందులో డబ్బు తగ్గిపోయే భయం ఒక్కటే అడ్డమైతే, మొదటి ఏడాది తగ్గినమేరకు భర్తీచేసే బాధ్యత ఈ సభలోని దాతలం పంచుకుందాం.