కాలిమీట



మా తాతగారి తాళపత్రముల కట్ట యొకటి నాయింట గలదు. మా ఆర్మూరు పసుపు పండెడి సీమ గావున ఆయన యాకులకు పసుపు పట్టించి భద్రపఱచిరి. అయినను చెదలు కొన్నింటిని దినివేసెను. మిగిలినవాని నైన ఛాయాచిత్రములుగా నిలుపవలెనని నిరుడు సంకల్పించితిని. ఎండి వంగిన యాకును విఱుగకుండ నదిమిపట్టుటకు రెండు చేతులును గావలయును. ఇఁక కెమెరా నెవరు నొక్కుదురు? అదియును గాక నా వ్రేళ్లు వణఁకును. నేను నొక్కి తీసిన చిత్రములలో నక్షరములు అలికినట్లుండెను.

పూర్వశిష్యుఁ డొకఁడు ఆర్డుయినో పలక నొకదానిని దెచ్చియిచ్చెను. ఇది 2005లో ఇటలీదేశమున ఇవ్రేయా పట్టణమందు విద్యార్థులకొఱకు పుట్టినది. దానిమీఁది మైక్రోకంట్రోలర్ అను బిళ్లయే మన యాజ్ఞలను నడపునది. ఆజ్ఞలు దాఁచుకొనుటకు దానికి 32 కిలోబైట్ల చోటు మాత్రమే కలదు. అయినను సెకనునకు కోటి యఱువది లక్షల తాళములు వేయును. ఒకసారి కంప్యూటరునుండి నేర్పిన పాఠమును కరెంటు పోయినను మఱవదు. నా బడిలో నిట్టి శిష్యుఁడు దొరకలేదు!

ఆజ్ఞలు వ్రాయుట నేనే నేర్చుకొంటిని. ప్రతి యాజ్ఞ తుదిని అర్ధవిరామచిహ్నము లేకున్న నంగీకరింపరు. నేనును పిల్లల నింతగా బాధింపలేదు.

మా కెమెరా ప్రక్క రంధ్రమున మూఁడు తీగల కొసలున్నవి: ఉమ్మడితీగ, చూపు నిలుపు తీగ, చిత్రము తీయు తీగ. కాలితో మీటను నొక్కఁగానే పలక రెండవదానిని ఉమ్మడితీగతోఁ గలుపును. అరసెకను పిమ్మట మూఁడవదానిని గలుపును. పలకలోని విద్యుత్తు కెమెరాను సోకకుండ నడుమ ఆప్టోకప్లర్ అనునది యుండును. దానిలో నొక సన్నదీపము వెలుఁగఁగా, ఆ వెలుఁగునకే యవతలి తీగలు కలియును. మడి గట్టుకొన్నవారి వ్యవహార మనుకొనుఁడు.

మొదటినాఁ డొక్కమాఱు నొక్కఁగా రెండేసి చిత్రములు వచ్చెను. రెండవదానిలో ఆకు లేదు, దానిని దీయుచున్న నా చేయి యున్నది. కాలు తీయునపుడు మీటలోని రేకులు కొన్ని మిల్లీసెకనులపాటు అదరి తాఁకుచుండును. యంత్రము దానినిఁ గ్రొత్త నొక్కుడుగాఁ దలంచినది. సాక్షిని రెండుమాఱు లడిగినట్లు, ఏఁబది మిల్లీసెకనులాగి మరలఁ జూచి, అదే కనఁబడిననే నమ్ముమని వ్రాసితిని. దానితో నా పీడ వదలెను.

చిత్రము తీసిన మఱునాఁడే ఒక యాకు అంచు నా చేతిలోనే విఱిగి పొడియయ్యెను. అందలి రెండు పంక్తులు ఇప్పుడు చిత్రముననే యున్నవి. ఇంకను అఱువది యాకులు మిగిలినవి. వానలు పడకమున్నే వానిని ముగింప నెంచి ప్రతిదినము ప్రొద్దుననే కూర్చుండుచున్నాను.