స్లిప్ లెక్క

తోటి పూర్వ విద్యార్థులారా, ఓడల్లో ఇంజనీరుగా పనిచేసినవాణ్ణి కదా, తుపానుల కథలు చెబుతాననుకుంటున్నారేమో. చెప్పబోయేది ఎనిమిదో తరగతి లెక్క.

స్క్రూని చెక్కలో ఒక చుట్టు తిప్పితే ఒక మర దూరం దిగుతుంది. ఓడ ప్రొపెల్లరూ అంతే. ఒక చుట్టుకి అది ముందుకు జరగాల్సిన దూరాన్ని పిచ్ అంటారు. కానీ నీళ్లు చెక్క కావు, జారిపోతాయి. జరగాల్సిన దూరంలో ఎంత శాతం తగ్గిందో అదే స్లిప్. రోజూ మధ్యాహ్నం లెక్కకట్టి లాగ్‌బుక్‌లో రాయాలి.

నేను జూనియర్‌గా ఉన్న ఓడలో పిచ్ 5 మీటర్లు, నిమిషానికి 100 చుట్లు. సింగపూర్ వైపు వెళుతున్నాం. 24 గంటలకు 1,44,000 చుట్లు. ఐదుతో గుణించి, నాటికల్ మైలుకి 1852 మీటర్లు కాబట్టి దానితో భాగిస్తే 388.8 మైళ్లు. ఓడ నడిచింది 335. స్లిప్ దాదాపు 14 శాతం! ముందురోజు 10. సముద్రం చూస్తే చెరువులా ఉంది. ఛీఫ్ ఇంజనీరు తిడతారని భయపడి, 10 అని రాసేశాను.

సాయంత్రం పిలిచారు. "జవాబు సరైనదే. ఎలా వచ్చిందో చూపించు" అన్నారు. చూపించడానికి ఏముంది! తూర్పుకి వెళ్లే ఓడలో గడియారాలు ముందుకు జరుపుతారు. రాత్రి ఒక గంట జరిపారు, అంటే ఆ రోజుకి 23 గంటలే. చుట్లు లెక్కపెట్టే కౌంటర్ చూస్తే 1,38,000, దూరం 372.6; స్లిప్ 10.1. నేను కౌంటర్ చూడకుండా అలవాటుగా 24 వేశాను.

జవాబు సరిపోయినా స్టెప్పులు లేవని మన లెక్కల మాస్టారు సున్నా వేసిన రోజు గుర్తొచ్చింది. అప్పట్లో ఆయన్ని మనసులో తిట్టుకున్నవాళ్లు ఈ సభలో ఇంకొందరున్నారు, పేర్లు చెప్పను.

"రేపు ఓడ అడుగున నాచు పట్టి నిజంగానే 14 వస్తే, అప్పుడూ 10 రాస్తావా?" అన్నారు ఛీఫ్.

కొన్ని నెలలకి అదే జరిగింది. ఒక రేవు బయట వారాల తరబడి లంగరు వేసుకుని ఉండి బయలుదేరాం. గాలి లేదు, ఎదురు ప్రవాహం లేదు. కౌంటర్‌లో 1,44,000 చుట్లు, నడిచింది 325 మైళ్లే. రెండుసార్లు సరిచూసి 16.4 అని రాశాను, కింద స్టెప్పులన్నీ వేశాను. తర్వాతి రేవులో డైవర్లు దిగి చూస్తే ఓడ అడుగంతా గుల్లలు. గీకించాక స్లిప్ మళ్లీ పది దగ్గరికి దిగింది.